విచ్చుకునే మొన, విచ్చుకోని మొన

అన్నయ్యా,

సరస్సులో పడవ తిరగబడి నువ్వు పోయి నేటికి ఏడాది. నీ శరీరం ఇంకా దొరకలేదు.

ఈ రోజు నీ వేట స్నేహితుడు ప్రసాద్ గారూ నేనూ ఊరి అవతల ఆయన పొలంలో బాణం మొనలు పరీక్షించాం. మీ పాత గొడవే. తగలగానే రెక్కలు విచ్చుకునే మొన మంచిదని ఆయన, కదలని బ్లేడ్ల మొనే మంచిదని నువ్వు వాదించుకునేవారుగా! నీ విల్లుతోనే రెండూ ప్లైవుడ్ పలక మీదికి వేశారు. ఆయన మొన రెక్క విరిగింది. నీది పలకను చీల్చుకుని అవతలికి దూసుకెళ్లింది.

"మీ అన్నయ్యే కరెక్టమ్మా. ఇప్పుడు వాడికెలా చెప్పను?" అన్నారు.

అప్పుడే మా వెనక ఎండుటాకుల మీద అడుగుల చప్పుడైంది. ఆయన నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. చప్పుడు ఆగేదాకా ఇద్దరం అలాగే నిలబడ్డాం. వెనక్కి తిరిగితే అక్కడ నువ్వు ఉండవేమోనని మా భయం.