గోనెసంచిలో గిన్నె

శుక్రవారం, మధ్యాహ్నం

చెల్లికి అక్క దీవించి రాసేది. ఇక్కడ అందరం కులాసా. మీరూ కులాసాగా ఉన్నారనే అనుకుంటున్నాను, అలా అనుకోకపోతే నాకు నిద్ర పట్టదని నీకు తెలుసుగా. నీ మోకాలెలా ఉంది? మెట్లెక్కకు. నా కోడికాళ్ళ రాత ఓపిగ్గా చదువుకో.

అడవి పక్క ఇళ్లవాళ్లు తొలిచిన చెక్క గిన్నెల్ని ఊళ్లో హాలులో పెడతారు కదా, అక్కడ కిటికీ పక్క చోటు ఎప్పుడూ మీ బావగారిదే. ఈ ఏడు ఆయనకి చూపు ఆనడం లేదు, ఉలి కోడలి చేతికిచ్చేశారు. దాని గిన్నె బాగుంటే ఆ చోటు మన ఇంటికే ఉంటుంది, పగిలిందా ఇంకో ఇంటికి పోతుంది. ఇక నా ప్రాణం ఎలా కొట్టుకుని ఉంటుందో చూడు.

పచ్చి కర్రతో తొలిచిన గిన్నె గబగబా ఆరితే పగులుతుంది. అందుకని తొలిచినప్పుడు రాలిన చెక్క పొట్టులోనే దాన్ని పూడ్చి, గోనెసంచి మూతి కట్టి, పనిగది మూల పెట్టి నెలల తరబడి మరిచిపోవాలి. మరిచిపోవడం నా వల్ల అయ్యే పనా? పొయ్యి మీద పాలు చూసుకున్నట్టు రోజూ సంచి విప్పి తడిమేదాన్ని. గాలి తగిలితే చెడుతుందని మీ బావగారు నెత్తీ నోరూ కొట్టుకున్నారు. గిన్నెని ఆరబెడుతున్నావా, పొదుగుతున్నావా అని వెక్కిరింపు.

ఒకరోజు వేలికి బీట తగిలింది. ఎవరితోనూ అనలేదు. ఆ పిల్ల మొహం చూడలేక అన్నం కూడా వంటింట్లోనే తిన్నాను. దాని కష్టమంతా నా చేతులే బూడిదలో పోశాయనుకున్నాను.

నిన్న గిన్నె హాలుకి పట్టుకెళ్లాం. కోడలు గుడ్డ విప్పితే, నున్నగా, నిండుగా, ఎక్కడా గీత లేదు. చుట్టూ తడిమాను, బీట లేదు. నా ఏడుపు ఏ దేవుడో విన్నాడనుకున్నాను. హాలు పెద్దాయన వేలితో కొట్టి విని, కిటికీ పక్కనే పెట్టాడు. అంచు తనకన్నా పలచగా తీసిందని మీ బావగారు నలుగురిలో అన్నారు. ఎవరి గురించీ ఆయన నోట అలాంటి మాట నేనెరగను.

సంతోషంగా ఉందే. ఇంత సంతోషం ఒంటికి పడుతుందో లేదో.

ఇట్లు,
నీ అక్క

తా.క. ఉత్తరం మడుస్తుంటే కోడలు నవ్వుకుంటూ వచ్చి చెప్పింది. సంచిలోది అసలు గిన్నె కాదట. తొలిచేటప్పుడే చెడిపోయినదాన్ని నాకోసమని అక్కడ పెట్టిందట. అసలుది ఇన్నాళ్లూ నా మంచం కిందే ఉందట. "మీకు కంగారు పడటానికొకటి కావాలి అత్తయ్యా, గిన్నెకేమో కాస్త ప్రశాంతత కావాలి" అంది. మీ బావగారికీ మొదట్నుంచీ తెలుసట, అయినా రోజూ తిట్టారు చూడు. కోపం రావాలి కదా, నవ్వొచ్చింది. మొన్ననే ఇంకో గిన్నె తొలిచింది. అది మంచం కింద లేదు, చూశాను.