పొయ్యిలో వేసిన మిరపకాయలు

అక్కయ్యకు,

లడఖ్ నుంచి నీ తమ్ముడు కోటి నమస్కరించి రాసేది. నేను బాగానే ఉన్నాను. నువ్వూ బావగారూ పిల్లలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. బావగారి నడుము నొప్పి తగ్గిందా? పత్తి తీతలు మొదలయ్యాయా? ఎస్టీడీ బూత్‌లో వెనక జనం నిలబడి ఉంటారు, అన్నీ చెప్పలేను. అందుకే ఉత్తరం.

ఇక్కడ చలి మొదలైంది. పొద్దున్నే బకెట్లో నీళ్లు గడ్డకడుతున్నాయి. పని మామూలే. కొండలెక్కడానికి వచ్చేవాళ్ల వెంట, గుర్రాల మీద సామాను వేసుకుని నడవడం, రెండు పూటలా వండిపెట్టడం. గోంగూర మీదికి మనసు పోతుంది, అంతకు మించి బెంగేమీ లేదు. నువ్వు దిగులు పడకు.

ఊళ్లలోకి వెళ్లే ముందు వాళ్లకు జాగ్రత్తలు చెప్పడం కూడా నా పనే. అడక్కుండా ఫోటోలు తీయొద్దు, పొట్టి నిక్కర్లతో గుళ్లోకి పోవద్దు, చాక్లెట్లు పంచి పిల్లలకు అడుక్కోవడం నేర్పొద్దు. వచ్చీరాని ఇంగ్లీషులో పెద్ద మాస్టారులా చెబుతాను. అంత చెప్పేవాణ్ణి నేనే తప్పు చేశానక్కా.

దారిలో ఒక ఊళ్లో డోల్మా అనే పెద్దావిడ ఇంట్లో మేం ఎప్పుడూ దిగుతాం. నేను ఆవిణ్ణి అమా-లే అంటాను, అంటే అమ్మగారూ అని. వీళ్లకు పొయ్యి పక్కన చోటే గౌరవమైన చోటు. వంటవాణ్ణయినా నన్ను అక్కడే కూర్చోబెట్టేది. మొన్నామధ్య వెళ్లేసరికి ఆవిడ మనవరాలు జ్వరంతో కళ్లు తెరవడం లేదు. అంతకుముందే ఎవరో టూరిస్టులు పిల్ల చుట్టూ చేరి ముద్దు చేసి వెళ్లారట. ఇంకేముంది, దిష్టే అనుకున్నాను. నువ్వు పంపిన ఎండుమిరపకాయలు గుప్పెడు, కాస్త ఉప్పు తీసుకుని, ఇరుగు దిష్టి పొరుగు దిష్టి అని నీలాగే గొణుక్కుంటూ పిల్ల చుట్టూ తిప్పి పొయ్యిలో వేశాను. ఎవర్నీ అడగలేదు. మంచి చేయడానికి అడిగేదేముంది అనుకున్నాను.

మన కాయ ఘాటు నీకు చెప్పాలా. ఇల్లంతా పొగ. పిల్లను దుప్పట్లో చుట్టుకుని అందరూ దగ్గుతూ చలిలోకి పరిగెత్తారు. దిష్టి పోయిందిలే అని నేను నవ్వాను. అమా-లే నవ్వలేదు.

"పొయ్యిలో దేవత ఉంటుంది బాబూ. పాలు పొంగి పడినా మేం క్షమించమని దణ్ణం పెట్టుకుంటాం" అంది హిందీలో.

అంతే, తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. లామా గారిని పిలిపించి పొయ్యిని శుద్ధి చేయించుకున్నారు. పిల్లకు తగ్గింది, ఆడుకుంటోంది. ఆ తర్వాత వెళ్లినప్పుడల్లా అమా-లే మంచిగానే పలకరిస్తోంది, టీ కూడా ఇస్తోంది. కానీ గడప బయటికి తెచ్చి ఇస్తోంది. టూరిస్టులు లోపల, నేను గుర్రాల దగ్గర. ఈ కొండల్లో నాకు ఇల్లు అనిపించింది ఆ ఒక్కటే, దాన్ని చేతులారా పోగొట్టుకున్నాను.

గుర్తుందా, ఫోటోల కోసం కారులో వచ్చినవాళ్లు మన కళ్లంలో ఆరబోసిన మిరపకాయల మీద బూట్లతో నడిచారు. "ఏందయ్యా అది, తినే కాయల మీద బూట్లేసుకుని? లక్ష్మిని తొక్కుతారా? దిగండి ముందు" అన్నావు. "పోనీలే అక్కా, వాళ్లకేం తెలుసు" అని నేను నవ్వాను. నువ్వు ఆ పూట అన్నం తినలేదు. ఇప్పుడు అదే మాట నాకు నేను చెప్పుకుంటున్నాను, ఊరట కలగడం లేదు.

పెద్దమ్మకూ బావగారికీ నా నమస్కారాలు చెప్పు. పిల్లలకు ముద్దులు. కాయలు పంపడం మానకు, వంటకు కావాలి. జవాబు మాత్రం వెంటనే రాయి, మంచు పడితే అమా-లే ఊరికి దారి ఉండదు. ఆ కారువాళ్లు మళ్లీ వచ్చి కళ్లం బయట నిలబడి ఉంటే, ఏం చేస్తే నువ్వు వాళ్లను లోపలికి రమ్మనేదానివి? అది రాయి అక్కా. నేను అదే చేస్తాను.

నీ దీవెన కోరుకునే
తమ్ముడు కోటి