అరవై మీటర్ల తప్పు

1996 మార్చి, మంగళవారం
దుమ్ముగూడెం క్యాంపు

హైదరాబాద్‌లోని జీపీఎస్ స్టేషన్ డేటా ఫ్లాపీ ఇవాళ చేతికొచ్చింది. దానికోసం నాలుగు నెలల్లో ఆరు ఉత్తరాలు రాశాను. మా సర్వే జీపీఎస్ మిషన్ శాటిలైట్ల నుంచి పట్టిన కొలతను, ఆ స్టేషన్ అదే రోజు నమోదు చేసిన డేటాతో సరిచేస్తేనే నమ్మాలి. అది వచ్చేదాకా ఆగమంటే మా ఫారెస్ట్ ఆఫీసర్ వినలేదు. అడవి అంచున సాగు చేసుకునే లచ్చమ్మ చేను అడవిలోకి పోయేలా హద్దురాళ్లు పాతించాడు.

మధ్యాహ్నం లెక్క కట్టాను. రాళ్లు అరవై మీటర్లు ఇవతలికి, చేను వైపుకి పడ్డాయి. చేనంతా అసలు అడవి హద్దు బయటే ఉంది.

ఆఫీసర్‌కు చెబితే, "మ్యాప్ పైకి పోయింది. ఇప్పుడు గిదంతా ఎందుకయ్యా?" అన్నాడు.

"ఆమెను దున్నొద్దన్నారు కద సార్."

"ఇంకోకాడ దున్నుకుంటది. నువ్ గిట్ల తవ్వకు."

ఫ్లాపీని సొరుగులో వేసి తాళం పెట్టాడు. నేను "అవ్ సార్" అని బయటికొచ్చాను.

అతన్ని తలుచుకుంటే అసహ్యం. నన్ను తలుచుకుంటే ఇంకా అసహ్యం. రాళ్లు పాతిన రోజు లచ్చమ్మ, "మిషన్ మంచిగనే చూసిందా సారూ?" అని అడిగితే తలూపింది నేనే.

లెక్క కట్టిన కాగితం నా దగ్గరే ఉంది. రేపు ఆమెకివ్వాలని శుభ్రంగా తిరగరాశాను. కింద నా పేరు రాయాలా వద్దా అని అరగంట నుంచి కూర్చునే ఉన్నాను...