ఇరవయ్యో ఎక్కం దాకా

చిరంజీవి చిన్నోడికి, అమ్మ ముద్దులతో, మీ నాన్న దీవెనలతో.

ఇక్కడ ఇద్దరం బాగున్నాం. నా మోకాలు మాత్రం ఆ లెక్కలోకి రాదు. అక్కడ నువ్వు వేళకి తిని వేళకి పడుకుంటున్నావనే అనుకుంటున్నాను. కాదంటే ఆ సంగతి నాకు రాయకు.

నువ్వడిగినవి వరసగా చెప్తాను. కుక్కర్‌కి కొత్త రబ్బరు వేయించాను, ఇప్పుడు బుద్ధిగా కూస్తోంది. మీ నాన్న చెవి మిషను పెట్టుకుంటున్నారు, కాకపోతే నేను బజారు పని చెప్పబోయేసరికి దాని బ్యాటరీ అయిపోతుంది. ఇక మూడోది. "పేషెంటుని మంచానికి కడితే పావుగంటకోసారి చూసి రాయాలి కదమ్మా, మా ఇన్‌ఛార్జేమో డ్యూటీ దిగేముందు ఆ కాగితం మొత్తం ఒకేసారి నింపి సంతకం పెట్టెయ్యమంటున్నాడు. అందరూ అలాగే చేస్తున్నారు. కాదంటే నా ఉద్యోగం పర్మనెంటు చెయ్యరేమో. ఏం చెయ్యను?" అని రాశావు. ఫోనులో చెబితే మధ్యలో "సరేలే అమ్మా" అంటావు. ఉత్తరంలో ఆ వీల్లేదు. అందుకే రాస్తున్నాను, నింపాదిగా కూర్చుని చదువు.

రిటైరయ్యాక నేను చేరిన పరిశీలన బృందం నీకు తెలుసు. జైళ్ళకీ మానసిక ఆసుపత్రులకీ ముందు చెప్పకుండా వెళ్ళి, లోపలున్నవాళ్ళని ఎలా చూస్తున్నారో కనుక్కుంటాం. జడ్జిగా చేసి దిగిన పెద్దాయన, కుర్ర డాక్టరమ్మ, ముప్ఫై ఏళ్ళు నర్సుగా చేసిన నేను, అంతే మా దండు. పోయిన మంగళవారం ఒక ఆసుపత్రిలో ఆడవాళ్ళ వార్డుకి వెళ్ళాం. గేటు మనిషి మమ్మల్ని చూసి గుత్తిలో ఉన్న తాళంచెవులన్నీ ఒక్కొక్కటే పెట్టి చూశాడు, అసలుది తప్ప. ఈలోగా లోపల గబగబా నేల కడుగుతున్న చప్పుడు వినిపించింది. డాక్టరమ్మ నవ్వు ఆపుకోలేక అటు తిరిగింది.

వార్డు చివర కిటికీ దగ్గర మంచం మీద ఒకావిడ కూర్చుని ఉంది. అరవై దగ్గర పడ్డ మనిషి, నున్నగా దువ్విన తల. అందరూ ఆవిణ్ణి లెక్కల టీచరు అంటారు. నిజంగానే ఒకప్పుడు బడిలో లెక్కలు చెప్పిందట. మణికట్ల మీద గుడ్డ ఒత్తుకున్న గీతలు ఇంకా ఎర్రగా ఉన్నాయి. వార్డు వాళ్ళని బయటికి పంపేసి జడ్జిగారు అడిగారు.

"నిన్న మిమ్మల్ని కట్టారా అమ్మా?"

"కట్టారు. రెండు గంటలా పావు, కాస్త అటూ ఇటూగా."

"టైము ఎలా తెలిసింది? ఇక్కడ గడియారం లేదే?"

"ఎక్కాలు చదివాను. రెండో ఎక్కం నుంచి ఇరవయ్యో ఎక్కం దాకా పన్నెండు సార్లయ్యాయి. పదమూడోసారి ఏడో ఎక్కంలో ఉండగా వచ్చి విప్పారు."

జడ్జిగారు గట్టి మనిషి, కంటితో చూస్తే గానీ నమ్మరు. చేతి గడియారం విప్పి అరచేతిలో పెట్టుకుని, "ఏదీ, ఓసారి చదవండి" అన్నారు. ఆవిడ కళ్ళు మూసుకుని మొదలెట్టింది. రెండు ఒకట్ల రెండు, రెండు రెళ్ళ నాలుగు. తొందర లేదు, తడబాటు లేదు. పదో ఎక్కం దాకా నేను మనసులో వెంట వచ్చాను. పదమూడులో నేను దారి తప్పాను, ఆవిడ తప్పలేదు. "పదిహేడు తొమ్మిదుల నూట యాభై మూడు" అంటుంటే ముగ్గురం బడిపిల్లల్లా వరసగా నిలబడి ఉన్నామని అప్పుడు గమనించాను. పదకొండు నిమిషాలు పట్టింది. జడ్జిగారు మంచినీళ్ళు ఇప్పించి, ఇంకోసారి చదవమన్నారు. మళ్ళీ పదకొండే. పన్నెండు సార్లకి రెండు గంటల పన్నెండు నిమిషాలు, పైన ఏడో ఎక్కం దాకా ఇంకో మూడు.

చిన్నోడా, నా సర్వీసులో పెద్ద పెద్ద డాక్టర్లని చూశాను. అంత ఆశ్చర్యం, అంత గౌరవం నాకు ఎవరి ముందూ కలగలేదు. చెయ్యి కదపడానికి లేదు, ముక్కు మీద ఈగ వాలితే తోలుకోవడానికి లేదు, పిలిస్తే పలికేవాళ్ళు లేరు. అలాంటప్పుడు ఆవిడ తన కాలాన్ని తనే పట్టుకుని కూర్చుంది. ఆవిడ కాళ్ళకి దణ్ణం పెట్టాలనిపించింది.

తర్వాత వార్డు నర్సు రిజిస్టరు తెచ్చింది. పది, పదింబావు, పదిన్నర, పదీ ముప్పావు. నాలుగు వరసల్లోనూ 'ప్రశాంతంగా ఉంది'. ఆపైన 'పదకొండింటికి విప్పడమైనది'. ముత్యాల్లాంటి అక్షరాలు. సూపరింటెండెంటు కుర్చీలో వెనక్కి వాలి, "రిజిస్టరుంది, సంతకముంది. పిచ్చిమనిషి చదివిన ఎక్కాలు సాక్ష్యమవుతాయా సార్?" అన్నాడు. జడ్జిగారు కలం పట్టుకుని ఆగిపోయారు. నేను రిజిస్టరు తీసుకుని చూశాను.

"ఇది దొంగ రాత సార్" అన్నాను. "నిజంగా చూసేవాళ్ళకి టైము ఇంత గుండ్రంగా కుదరదు. పక్క మంచంలో ఎవరో వాంతి చేసుకుంటారు, ఎవరో పడిపోతారు. పది పదిహేడు పడుతుంది, పది ముప్ఫై నాలుగు పడుతుంది. ఇది ఒక్క ఊపులో రాసింది."

"అంత కచ్చితంగా మీకెలా తెలుసు?"

ఎలా తెలుసో నేను ముప్ఫై ఆరేళ్ళుగా ఎవరికీ చెప్పలేదు. అక్కడ, సూపరింటెండెంటు ఎదుట, ఆ నర్సు ఎదుట చెప్పాను. నీకు ఇంకెవరి ద్వారానో తెలియకూడదు కాబట్టి నేనే రాస్తున్నాను.

ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఒక దర్జీని మంచానికి కట్టాం. పావుగంటకోసారి చూడాల్సిన దాన్ని, తోటి నర్సులతో టీ తాగుతూ కబుర్లలో పడ్డాను. డ్యూటీ దిగేముందు కాగితం నింపాను, పది, పదింబావు, పదిన్నర అని. విప్పేసరికి ఆయన కుడిచెయ్యి మణికట్టు కింద నీలంగా మారిపోయి ఉంది. ఆ బొటనవేలు మళ్ళీ వంగలేదు, సూది పట్టలేదు. విచారణ జరిగింది. "చాలాసేపు కట్టేశారు" అన్నాడాయన. ఎంతసేపో చెప్పలేకపోయాడు. నా కాగితం చూసి పెద్ద డాక్టరుగారు, శ్రద్ధగల పిల్ల అని నన్ను మెచ్చుకున్నారు. నేను తల వంచుకుని థాంక్స్ చెప్పాను. చిన్నోడా, అందరూ అలాగే చేస్తున్నారని అప్పుడు నేనూ అనుకున్నాను.

జడ్జిగారు నా మాటలన్నీ రాసుకుని సంతకం తీసుకున్నారు. రిపోర్టులో టీచరు చెప్పిన టైమే వేశారు. నన్ను బృందంలో ఉంచేదీ లేనిదీ పైవాళ్ళు తేలుస్తారు. నిన్న మీ నాన్నకీ చెప్పాను. మిషను తీసి బల్ల మీద పెట్టేశారు. తర్వాత పెట్టుకుని, "మొదట్నించీ చెప్పు" అన్నారు. ఈసారి బ్యాటరీ అయిపోలేదు.

ఆ రోజు బయల్దేరేముందు టీచరు దగ్గరికి వెళ్ళాను. ఆఫీసు గదిలో ఏం జరిగిందో ఆవిడకి అప్పటికే తెలిసిపోయింది, వార్డులో కబుర్లకి తాళాలుండవు. ఆవిడ నన్ను ఓదార్చలేదు, తిట్టనూ లేదు. పిల్లలెంతమంది అని అడిగింది. ఒక్కడే కొడుకు, వాడూ ఇలాంటి ఆసుపత్రిలోనే కొత్తగా చేరాడని చెప్పాను. లెక్క తప్పిన పిల్లని చూసినట్టు నావైపు చూసి అడిగింది.

"మీవాడు చూసి రాస్తాడా, రాసి చూస్తాడా?"

"కనుక్కుని చెప్తానండీ" అన్నాను. వచ్చే మంగళవారం వెళ్తానని మాటిచ్చాను. బృందంలోంచి తీసేసినా, మామూలు మనిషిలా చూడ్డానికి వెళ్తాను. ఆవిడ అడక్కుండా వదలదు. సోమవారంలోగా రాయి.

ఇట్లు,
ఆవిడకి నీ తరఫున ఏం చెప్పాలో తెలియని
మీ అమ్మ