ఏటేటా పిలిచే నౌకరి

కోరుట్ల

అవ్వా, నా వంకర రాతకు, తప్పులకు ఏమనుకోకు.

స్పెయిన్ తోటల ఆయనకు దొరికిన నౌకరి కాయితాన్ని ఏజెంటు ఇంగ్లీషుల టెంపరరీ అని రాసిచ్చిండు. గది విని బాపు సంతకం వద్దన్నడు. స్పానిష్‌ల ఉన్న అసలు కాయితం నేనే పక్కింటి నాహీదక్కకు చూపిన. స్పానిష్ ఒప్పందాలను ఇంగ్లీషులకు మార్చుడే ఆమె పని. "గా స్పానిష్ మాటకు అర్థం టెంపరరీ కాదు పిల్లా. కోతలున్నప్పుడే పని, కని ఏటేటా మళ్ల నీ మొగన్నే పిలువాలె. మస్కట్ పోయినోళ్ల లెక్క రెండేండ్లు ఎదురుచూసుడు లేదు నీకు" అని నవ్వుకుంట సరిగ్గ రాసిచ్చింది.

నెలాఖరుకు సంతకం పెట్టాలె. బాపుకు దండాలు చెప్పి ఒప్పించు. చిన్నవ్వ మోకాళ్లు ఎట్లున్నయి? వచ్చేటోళ్లతోని పసుపు పంపు.

కోతలు లేని నాలుగు నెలలు ఏటా ఆయన ఇంటి పట్టునే ఉంటడని నాకు మస్తు సంతోషం. సిగ్గయితుంది, చదివి కార్డు పొయ్యిల వెయ్యి.

నీ బిడ్డ సింధూజ