ఎర్రెద్దు మెడలో గంట

1968, మాఘమాసం, బుధవారం రాత్రి.

ఈ రోజు నా కూతురు రమణ గంట చప్పుడు విని నవ్వింది. నవ్విందంటే నవ్విందే! భగవంతుడా, ఎన్నాళ్ళకు!

విషజ్వరం తగ్గినా రమణకు చప్పుళ్ళు సూదుల్లా గుచ్చుకునేవి. గిన్నె జారినా చెవులు మూసుకుని వణికేది. అందుకే ఎద్దుల మెడల్లో గంటలు విప్పేశాను, వడ్ల దంపుడు వెనక వీధికి మార్చాను. శ్రీకాకుళం డాక్టరుగారు తల అడ్డంగా ఊపారు. మరీ నిశ్శబ్దంలో ఉంచితే చెవి ఇంకా బెదురుతుందనీ, ముందుగా చెప్పి, దూరం నుంచి, కొద్దికొద్దిగా అలవాటు చెయ్యమనీ అన్నారు.

ఈ సాయంత్రం ఎర్రెద్దుకు ఒక్క గంట కట్టి, కళ్ళం దగ్గర నుంచే కేకేశాను.

"అమ్మా, బండి తోలుకొస్తన్నాను! గంట మోగుతాది, సూసుకో!"

అరుగు మీద కూర్చున్న పిల్ల చేతులు చెవులదాకా వెళ్ళి ఆగిపోయాయి. బండి వాకిట్లోకి వచ్చేసరికి ఒళ్ళోకి దిగాయి.

"ఒక్కదానికే కట్టినావేటి నాన్నా? తెల్లెద్దు ఏటి పాపం సేసింది?" అని నవ్వింది.

వాళ్ళమ్మ చప్పుడు కాకుండా కొంగు నోట్లో కుక్కుకుని మరీ ఏడ్చింది.

వచ్చే నెల అల్లుడు వచ్చి పిల్లను మళ్ళీ కాపురానికి తీసుకెళ్తానంటున్నాడు. వాళ్ళ ఇల్లు శృంగవరపుకోట బస్టాండు పక్కనే. అక్కడి హారన్లు నాలా ముందుగా కేకేసి మోగుతాయా? ఆ దిగులుతో కన్ను మూతపడడం లేదు.

పొద్దున్నే తెల్లెద్దుకూ కట్టాలి. ఆ గంట నా ఒళ్ళోనే ఉంది. ఒక చేత్తో రాస్తూ, రెండో చేత్తో దాని నాలుకను గట్టిగా పట్టుకున్నాను. పిల్ల ఇప్పుడే నిద్రపోయింది.