కీళ్ల మాత్ర, కంటి జబ్బు, కదలని ఫైలు

ఔషధ పరీక్షల అనుమతుల అధికారి వారి సముఖమునకు

అయ్యా,

విషయం: కీళ్ల నొప్పుల మాత్రను వంశపారంపర్య రెటీనా వ్యాధిపై పరీక్షించుటకు కంటి ఆసుపత్రి వారు పెట్టుకున్న దరఖాస్తు తమ కార్యాలయమున నిలిచిపోవుట గురించి.

నేను దర్జీ దుకాణంలో కటింగ్ మాస్టరును. నేను కత్తిరించిన బట్టను మా తమ్ముడు మిషను మీద కుడతాడు. మా ఇద్దరికీ తల్లి వైపు నుంచి మగపిల్లలకు దిగే రెటీనా జబ్బు ఉన్నది. ముందు చీకట్లో చూపు పోవును, తరువాత పక్కచూపు పోవును. ప్రస్తుతం నేను లోకాన్ని గొట్టంలోంచి చూస్తున్నాను. ఈ క్రింది ఇబ్బందులను తమ దృష్టికి తెచ్చుచున్నాను.

1. ఏళ్ల తరబడి మందుల షాపుల్లో దొరుకుతున్న ఒక కీళ్ల మాత్ర, రెటీనా చెడిపోవడాన్ని నెమ్మదింపజేయవచ్చునని ఆ కంటి ఆసుపత్రిలోని మా డాక్టరమ్మ గారు ప్రయోగశాలలో గమనించి, మనుషులపై పరీక్షకు అనుమతి కోరియున్నారు. "కీళ్ల మందునకు కంటితో ఏమి సంబంధము?" అని తమ కార్యాలయం ఫైలు తిప్పి పంపినది. సంబంధమేమిటో రాసి పంపగా, "కంటికి పనిచేయునని రుజువు జతపరచవలెను" అని మళ్లీ తిప్పి పంపినది. అయ్యా, ఆ రుజువు కోసమే కదా పరీక్ష! ఈత వచ్చాకే నీళ్లలో దిగమన్నట్టుంది.

2. పక్కచూపు ఒక హద్దుకు పైన మిగిలి ఉన్నవారినే పరీక్షలో చేర్చుకొందురు. దరఖాస్తు వేసిన నాడు నేను హద్దుకు పైనే ఉన్నాను. ఫైలు కదల్లేదు, నా జబ్బు ఆగలేదు. పోయిన నెల చూపు కొలిచి, "నిన్నిక చేర్చుకోలేనయ్యా" అన్నారు డాక్టరమ్మ గారు. కావున ఈ అర్జీ నా కోసం కాదని మనవి.

3. ఈ విషయమై తమ కార్యాలయమునకు స్వయంగా వచ్చితిని. వరండాలో అడ్డంగా పెట్టిన బీరువా కనబడక గుద్దుకొని నుదురు చిట్లినది. గుమాస్తా గారు, "ఇంత దూరం నడిచొచ్చావు, కళ్లు బానే ఉన్నాయిగా! తొందరేమొచ్చింది?" అన్నారు.

"తమ్ముడి భుజం పట్టుకొచ్చానండి."

"మరి తమ్ముడికి కనిపిస్తోందిగా!"

కనిపిస్తోంది కాబట్టే వచ్చామని ఆయనకు ఎలా చెప్పేది?

4. విసిగిపోయిన మా తమ్ముడు నాకు చెప్పకుండా ఆ మాత్రలే కొని గుప్పెడేసి మింగినాడు. కొద్ది రోజులకే మిషను మీద వాలిపోయాడు. కాలేయం వాచినదని ఆసుపత్రిలో పెట్టుకున్నారు. డాక్టరమ్మ గారు వాడిపై మండిపడ్డారు.

"ఎంత వేసుకోవాలో తెలియకే కదయ్యా పరీక్ష పెడతానంటున్నది! కన్ను కోసం ప్రాణం తీసుకుంటావా?"

"మరి ఎప్పుడు పెడతారమ్మా?" అన్నాడు వాడు.

ఆ జవాబు తమ బల్ల మీద ఉన్నది.

5. వాడి ఒళ్లు కుదుటపడినది. పరీక్షలో సగం మందికి మందు లేని ఉత్తి మాత్రలే ఇస్తారని కూడా వాడికి తెలుసు. "ఏదొచ్చినా మింగుతానన్నయ్యా, సంగతేదో తేలనీ" అంటున్నాడు. వాడి చూపు ఇంకా హద్దుకు పైనే ఉన్నది, వెంట్రుకవాసిలో.

కావున అనుమతి దయచేయించవలెను. ఇవ్వరా, "ఇవ్వము" అని కాగితం మీద రాయండి. డాక్టరమ్మ గారు పై వారిని అడుగుతారు. "పరిశీలనలో ఉన్నది" అను మాట మాత్రం ఇక రాయకండి. అది చదవాలంటే ఒక్కో అక్షరమే వెతుక్కోవలసి వస్తోంది.

నా మాట గద్దించినట్టుంటే మన్నించి, ప్రాధేయపడినట్టే చిత్తగించవలెను.

తమ విధేయుడు,
కటింగ్ మాస్టరు

తా.క.: మా చెల్లెలికి ఈ నెలలోనే కాన్పు. మేనమామ పోలిక వస్తే అదృష్టమంటారు. పుట్టేది మగపిల్లాడైతే మా పోలిక రాకూడదని మొక్కుకుంటున్న మేనమామలం మేము. సంతకం పెట్టండి సార్, మీకు పుణ్యముంటుంది.